ఎర్ర పట్టీ వేసిన మల్బరీ

కుడిచేతి బొటనవేలి గోరు ఊడిన ఏడాదే ఆమె తన ఉద్యోగంలోకల్లా పెద్ద పొరపాటు చేసింది. రెంటికీ సంబంధం ఉంది.

వీధి చెట్లను తనిఖీ చేయడం ఆమె పని. ఊరి ఉత్తరం వైపు వీధుల్లో ఏ చెట్టు బతికుంది, ఏది ఎండింది, ఏది గాలివానకు ఎవరి నెత్తిన పడేలా ఉంది, చూసి చెప్పాలి. చలికాలం చివర్లో ఈ పని కష్టం. కొమ్మలన్నీ బోసిగా ఉన్నప్పుడు నిద్రపోతున్న చెట్టూ చచ్చిపోయిన చెట్టూ ఒకేలా కనిపిస్తాయి. ఆమె కొమ్మ కొసను వేళ్ళ మధ్య పట్టుకుని, బొటనవేలి గోటితో బియ్యపు గింజంత బెరడు గీకేది. కింద తడిగా పచ్చగా కనిపిస్తే బతికున్నట్టు. గోధుమరంగు పొడి రాలితే లేనట్టు. గీకిన చోట వేలితో ఒకసారి మెల్లగా రుద్దేది, నిద్ర చెడగొట్టినందుకు ఏమీ అనుకోకు అన్నట్టు. కాస్త పొడుగ్గా పెంచి, అంచు గుండ్రంగా అరగదీసిన ఆ గోరును చూసే ఆఫీసులో అందరూ ఆమెను గోరక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది.

కోటు జేబులో ఒక చిన్న నోటుబుక్కు. మొదటి చీమల బారు ఏ రోజు బయటికొచ్చింది, గోడ మీది నాచు ఏ వారం రంగు మార్చుకుంది, పిచ్చుక నోట్లో మొదటి పోచ ఎప్పుడు కనిపించింది, అన్నీ అందులో రాసుకునేది. ఆఫీసు ఇవేవీ అడగదు.

"నీకెందుకోయ్ ఇదంతా? చలి తగ్గితే ఎలాగూ తెలుస్తుందిగా," అనేవాడు భర్త. ఆయన సిటీ బస్సు నడుపుతాడు.

"సినిమాకి ఆలస్యంగా వెళ్తే ముందు ఏం జరిగిందో మీకు తెలుస్తుందా? పక్కవాణ్ణి గోకుతారు. నాకు గోకడానికి పక్కన ఎవరూ లేరు," అనేది ఆమె.

ఆ నోటుబుక్కులో పదకొండేళ్ళుగా వసంతం ఒకే చోట మొదలవుతోంది. బస్టాపు దగ్గర, లాండ్రీ గోడ పక్కనున్న మల్బరీ చెట్టు మీద. దాని కొమ్మ ఒకటి లాండ్రీ డాబా మీదికి వంగి ఉంటుంది. వీధిలో మిగతా చెట్లన్నీ ముసుగుతన్ని పడుకున్న రోజుల్లోనే ఆ కొమ్మ మీద మొగ్గలు ఉబ్బి, చిలక ఈక కొసలంత పచ్చదనం బయటపడేది. ఆమె ఆ చెట్టును తొలికోడి అని పిలుచుకునేది. అది లేచిన మూడు వారాలకు వీధి లేస్తుంది. ఆ మూడు వారాలూ, అందరికంటే ముందు ఒక సంగతి తెలిసిన మనిషిలా, ఆమె ముఖంలో చిన్న వెలుగు ఉండేది.

ఈ ఏడు చలి బాగా ముదిరిన రోజుల్లో ఆఫీసు ఇనప బీరువా సొరుగులో ఆమె బొటనవేలు పడి నలిగింది. గోరు నల్లబడి, రెండు వారాలకు దానంతటదే ఊడి వచ్చింది. అడుగున చర్మం పాలమీగడలా మెత్తగా, గాలి తగిలినా జివ్వుమనేలా ఉంది. తక్కిన వేళ్ళతో గీకి చూసింది. అలవాటు లేని గోళ్ళు వంగిపోయాయి. చివరికి భర్త పెన్సిళ్ళు చెక్కుకునే చాకు తీసుకుని తిరిగింది. చాకు గీస్తుంది కానీ ఏమీ చెప్పదు. తడిగా ఉన్నదేదో, ఊరికే చల్లగా ఉన్నదేదో దానికి తెలియదు.

మామూలుగా తొలికోడి లేవాల్సిన వారం వచ్చింది, పోయింది. ఇంకో పదిరోజులు చూసింది. ఎదురు వరసలో చెట్లకు మొగ్గలు ఉబ్బడం మొదలైంది. మల్బరీ మీద మాత్రం అలికిడి లేదు. మాను మొదట్లో మొలిచిన చిన్న పిలకల్ని చాకుతో గీసింది. గోధుమరంగు పొడి. లాండ్రీ పెద్దాయన్ని అడిగి డాబా ఎక్కి, వంగిన కొమ్మను గీసింది. అక్కడా పొడే. మిగతా కొమ్మలన్నీ బస్సులకు తగలకుండా ఎత్తుకు కొట్టేసి ఉన్నాయి, నిచ్చెన లేనిదే అందవు. పెద్ద మాను మీద కత్తి పెట్టకూడదని ఆఫీసు నిబంధన.

మంగళవారం మధ్యాహ్నం కుంచె తెచ్చి, ఛాతీ ఎత్తున మాను చుట్టూ ఎర్ర పట్టీ వేసింది. ఎర్ర పట్టీ అంటే కొట్టేయమని. రంగు బెరడు గాడుల్లోకి మెల్లగా దిగుతుంటే కాసేపు అలాగే నిలబడి చూసింది.

"అయితే తీసేస్తున్నారా?" లాండ్రీ పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"సోమవారం వస్తారు. చచ్చిపోయింది పెద్దాయనా."

"అయ్యో. దీని పళ్ళు రాలి ఎంతమంది చొక్కాలు పాడయ్యేవో! సగం గిరాకీ నాకు ఇదే పంపించేది."

ఆమె నవ్వలేకపోయింది.

ఆ సాయంత్రం వంటింట్లో చేతులకంటిన ఎరుపును సబ్బుతో రుద్దుతుంటే భర్త వచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పుకోసాగాడు.

"ఎవర్ని హత్య చేసొచ్చావ్?"

"తొలికోడిని."

ఆయన విప్పుతున్న లేసు అలాగే పట్టుకుని ఆగాడు. రోజుకు ఎనిమిదిసార్లు ఆ చెట్టు కిందే బస్సు ఆపుతాడు. "నిజంగానా? పాపం. అందుకేనేమో ఈమధ్య ఆ స్టాపు వెలవెలబోతోంది. అద్దం కూడా మసకబారడం లేదు."

"ఏ అద్దం?"

"నా బస్సు అద్దమే. అక్కడ ఆగితే చాలు, ఎడమవైపంతా ఆవిరి కమ్మేసేది కదా. గుడ్డతో తుడవకుండా కదిలిందే లేదు. ఈ చలికాలం మొదట్నుంచీ గుడ్డ ముట్టుకోలేదు."

ఆమె చేతుల మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఎరుపు ఎప్పుడో పోయింది.

"ఆవిరి ఎక్కణ్ణించి వచ్చేది?"

"చెట్టు నుంచి వస్తుందా? లాండ్రీ గొట్టంలోంచి," అన్నాడాయన రెండో బూటు విప్పుతూ. "కుళాయి కట్టెయ్."

బుధవారం పొద్దున్నే, లాండ్రీ తలుపు తెరవకముందే వెళ్ళి నిలబడింది. పెద్దాయన తాళం తీస్తూ ఆశ్చర్యపోయాడు.

"మీ ఆవిరి గొట్టం ఏమైంది?"

"బాయిలరు తీసేశాం కదా! చలి మొదట్లోనే. అంతా కరెంటు మిషన్లు ఇప్పుడు. గొట్టం మూతికి సిమెంటు పెట్టించాను."

"నిన్న డాబా ఎక్కినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా తల్లీ! చెట్టు చూడ్డానికొచ్చిన మనిషికి బాయిలరు కబుర్లు చెప్తే పిచ్చివాడనుకోవూ?"

మళ్ళీ డాబా ఎక్కింది. సిమెంటు పూసిన గొట్టం మూతి, దానికి మూరెడు పైన ఆ కొమ్మ. గొట్టం చుట్టూ ఇనప జాలీ. ఇదివరకు అక్కడ బట్టల నూగు దూదిలా పేరుకునేది, పిచ్చుకలు వచ్చి గూళ్ళకోసం లాక్కుపోయేవి. ఈరోజూ రెండు పిచ్చుకలు వచ్చి జాలీ ముందు కూర్చున్నాయి. మూసిన దుకాణం ముందు సంచీ పట్టుకుని నిలబడ్డవాళ్ళలా ఒకటి అటూ ఒకటి ఇటూ చూసి ఎగిరిపోయాయి.

ఆమె అక్కడే చతికిలబడి నోటుబుక్కు తీసింది. పదకొండేళ్ళ పేజీలు. తాను రాసుకున్నది వసంతం సంగతి కాదు. లాండ్రీ ఆవిరి సంగతి. వెచ్చటి గాలి ఒక్క కొమ్మకు తగిలితే, అదొక్కటీ కాలం వచ్చేసిందనుకుని లేచేది. ఏటా తొందరగా లేచి, ఏటా ఆ తర్వాతి మంచుకు మాడి, చివరికి ఎండిపోయింది. తాను గీసి చూసింది సరిగ్గా ఆ కొమ్మనే. మొదట్లోని పిలకలూ గొట్టంలోంచి వేడినీళ్ళు కారే చోటే ఉన్నాయి, వాటిదీ అదే గతి. తక్కిన చెట్టు మాటేమిటి? మల్బరీ అసలు ఎప్పుడు లేస్తుంది? పదకొండేళ్ళు రోజూ చూసిన చెట్టు గురించి తనకు ఆ సంగతే తెలియదు. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు అడుగున, ఎంత వద్దనుకున్నా, తెలుసుకోవాలన్న ఆత్రం.

ఆఫీసులో సూపర్‌వైజరు ఫైలు మీంచి తలెత్తాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, మంచివాడే, కానీ కాగితం దాటి అడుగు వేయడు.

"ఎర్ర పట్టీ వేసింది మీరే కదా గోరక్కా?"

"నేనే సార్."

"ఇప్పుడు వద్దంటున్నదీ మీరే."

"అవును సార్. నిచ్చెన లారీ ఒక్క గంట ఇప్పించండి. పై కొమ్మ గీకి చూపిస్తాను."

"లారీ దక్షిణం వైపు పనిలో ఉంది. సోమవారం పదింటికి వస్తుంది, కానీ రంపంతో వస్తుంది. నిబంధన మీకు తెలుసు. ఎరుపు తీయాలంటే పచ్చదనం చూపించాలి. నా కళ్ళకి చూపించాలి. లారీ వచ్చేలోపు చూపించాలి. తొమ్మిదింటికి నేనొస్తాను సంతకానికి." గొంతు కొంచెం తగ్గించి, "మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు కదా అక్కా. ఇప్పుడు మాత్రం ఎందుకు తప్పు చెప్పారనుకోవాలి?" అన్నాడు.

ఆ మాట మెచ్చుకోలులాగే ఉంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

గురువారం నుంచి తన వీధులు తిరగడం మధ్యాహ్నానికి ముగించుకుని బస్టాపు బెంచీ మీద కూర్చునేది. మెడ వెనక్కి వంచి పైకి చూసేది. ఇదివరకు ఈ చెట్టు కింద రెండు నిమిషాల కంటే నిలబడలేదు. అది లేచిందా లేదా చూసుకుని, టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయేది. ఇప్పుడు చూస్తుంటే చెట్టు ఒక భవనంలా పొరలు పొరలుగా తెరుచుకుంది. ఎండ పడే వైపు బెరడు పగుళ్ళలోంచి ఎరుపూ నలుపూ కలిసిన పురుగులు వచ్చి, కాసేపు వెచ్చబడి, మళ్ళీ లోపలికి వెళ్ళాయి. చీమలు ఎర్ర పట్టీ దాకా వచ్చి, రంగు వాసన చూసి ఆగి, ఏదో చర్చించుకుని, బెరడు గాడిలో రంగు అంటని సన్నని సందు వెతుక్కుని పైకి సాగాయి. ఎండిన చెట్టు పైకి చీమలకేం పని? ఉండొచ్చు. ఎండిన చెట్టులోనూ చీమలకు పని ఉంటుంది. అది రుజువు కాదు. రాసుకుంది, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆ రోజు పేజీలో ప్రశ్నార్థకాలే ఎక్కువ.

శుక్రవారం ఒక కాకి వచ్చింది. చెట్టు నడి కొమ్మ మీద కూర్చుని, సన్నటి రెమ్మ ఒకటి ముక్కుతో పట్టుకుని లాగింది. రాలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెక్కలు విప్పి దాని బరువంతా వేసింది. అయిదు నిమిషాల పెనుగులాట తర్వాత ఊడదీసి, తీసుకుని ఎగిరింది.

గోరక్క కింద ఫుట్‌పాత్ వైపు చూసింది. చెట్టు కిందంతా గాలికి రాలిన ఎండుపుల్లలే. ఊరికే పడి ఉన్నాయి. ముక్కు వంచి తీసుకోవచ్చు.

"కిందున్నవి వదిలేసి పైన ఎందుకు కష్టపడుతోందది?" పక్కన బస్సు కోసం కూర్చున్న ముసలామెను అడిగేసింది.

"కాకి బుద్ధి. ఏదైనా లాక్కుంటేనే దానికి తృప్తి," అంది ముసలామె.

శనివారం కాకి మళ్ళీ వచ్చింది. ఈసారి గోరక్క దాని వెంట నడిచింది. నడిచింది అంటే, మెడ పైకెత్తి, జనాన్ని గుద్దుకుంటూ, రెండు వీధులు. ఒక సైకిలాయన "అమ్మా, నేల మీద కూడా కాస్త చూపు పెట్టండి!" అని బెల్లు కొట్టాడు. మూడో వీధి మొదట్లో ఎత్తైన దీపస్తంభం పక్క చెట్టు మీద సగం కట్టిన గూడు. కాకి అంచున కూర్చుని, తెచ్చిన రెమ్మను గూడు చుట్టూ వంచింది. రెమ్మ విల్లులా వంగింది. విరగలేదు. కొస లోపలికి దోపింది.

ఆమె రోడ్డు మధ్యలోనే నిలబడిపోయింది. ఎండుపుల్ల వంగదు. ఫట్టుమని విరుగుతుంది. బుట్ట అల్లేవాళ్ళకు తెలిసిన సంగతే కాకికీ తెలుసు. వంగేది కావాలి కాబట్టే కింద పడినవాటిని ముట్టుకోవడం లేదు. తన గోరు చేయాల్సిన పని అది తన ముక్కుతో చేస్తోంది, అదీ తన మల్బరీ మీద!

ఆదివారమంతా బెంచీ మీదే. ఒక్క రెమ్మ జారవిడిస్తే చాలు. కాకి నాలుగుసార్లు వచ్చి, నాలుగూ భద్రంగా పట్టుకుపోయింది. బస్సాపినప్పుడు భర్త కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమోయ్, ఎక్కుతావా, లేక కాకితో కాపురమేనా?" అన్నాడు. బస్సులో జనం నవ్వారు. ఆమె చెయ్యి ఊపి వెళ్ళమంది.

సోమవారం తొమ్మిదికి సూపర్‌వైజరు వచ్చాడు, చంకలో ఫైలు. ఆయన రావడానికి పది నిమిషాల ముందే అది జరిగిపోయింది. పెనుగులాడుతుండగా కాకి పట్టు తప్పింది. జానెడు రెమ్మ ఒకటి బెంచీ పక్కన వచ్చి పడింది. ఆమె పరుగెత్తి తీసుకుంది. విరిగిన చోట బెరడు కింద పచ్చటి గీత, దాని అంచున ఆవగింజంత తెల్లటి పాలచుక్క.

సూపర్‌వైజరు రెమ్మను చూశాడు, వంచి చూశాడు. విరగలేదు. పెదవి కొరుక్కున్నాడు.

"పచ్చగానే ఉంది అక్కా. కానీ ఇది ఈ చెట్టుదే అని ఎలా? కాకులు ఎక్కడెక్కడివో తెస్తాయి."

"ఈ చుట్టుపక్కల ఇంకో మల్బరీ లేదు సార్. పాలు చూడండి."

"మీరు చెప్తే నేను నమ్ముతాను. ఫైలు నమ్మదు."

"అయితే కాసేపు పైకి చూడండి. అది మళ్ళీ వస్తుంది."

"కాకికోసం ఆగమంటారా?"

"లారీ పదింటికి కదా. తొమ్మిదీ పదే అయింది."

ఆయన ఫైలు బెంచీ మీద పెట్టి మెడ ఎత్తాడు. ఇద్దరూ పైకి చూస్తుంటే బస్టాపులో జనమూ చూడసాగారు. లాండ్రీ పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, చేతిలో ఎవరిదో చొక్కా పట్టుకుని తనూ చూశాడు. తొమ్మిదీ ఇరవై. తొమ్మిదీ నలభై. "మెడ పట్టేసింది," అన్నాడు సూపర్‌వైజరు. వీధి చివర లారీ హారన్ వినిపించింది, కొంచెం ముందే వచ్చేసింది. ఆమె అటు తిరగలేదు. తిరిగితే కాకి రాదేమో అన్నట్టు కొమ్మ మీదనే చూపు నిలిపింది.

వచ్చింది. ఇందాకటి కొమ్మ మీదే వాలి, రెమ్మ పట్టుకుంది. జనం గుసగుసలు ఆపారు. లాగింది, తిప్పింది, రెమ్మ సగం విరిగి బెరడు ఆధారంగా వేలాడింది. కింద ఇంతమంది తననే చూడటం గమనించి కాకి గొంతు చించుకుని ఒకసారి అరిచి ఎగిరిపోయింది. వేలాడుతున్న రెమ్మ కొసనుంచి ఒక చుక్క జారి, పైకెత్తి ఉన్న సూపర్‌వైజరు కళ్ళజోడు మీద పడింది.

ఆయన కళ్ళజోడు తీసి, అద్దం మీది తెల్లటి చుక్కను వేలితో తాకాడు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు, జిగటగా సాగింది.

"కాకి రెట్ట కాదు కదా అక్కా?"

"పాలు సార్," అంది ఆమె.

బస్టాపు మొత్తం నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఫైలు తెరిచి, "పచ్చదనం నా కళ్ళకి చూపించాలన్నాను. మరీ ఇంత దగ్గరగా అనుకోలేదు," అంటూ సంతకం చేశాడు. లారీ వాళ్ళను వెనక్కి పంపించారు. బెరడు రంగుకు దగ్గరగా ఉండే బూడిదరంగు తెచ్చి ఆమే పట్టీ మీద పూసింది. దగ్గరికెళ్ళి చూస్తే ఎరుపు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. దాన్ని పూర్తిగా కప్పాలని ఆమె ప్రయత్నించలేదు.

అక్కడితో అయిపోలేదు. వీధిలో మిగతా చెట్లన్నీ లేత ఆకులు తొడిగాయి. మల్బరీ మాత్రం బోసిగానే ఉంది. ఒక వారం. రెండు వారాలు. "గోరక్కా, మీ చెట్టు సంతకం తీసుకుని మళ్ళీ పడుకుందా?" అని ఆఫీసులో ఆటపట్టించారు. రోజూ బస్టాపు దగ్గర దిగి, పైకి చూసి, ఏమీ లేకపోతే ఏమీ లేదని రాసుకుంది. నల్లగా ఉన్న మొగ్గ కాఫీ రంగుకు తిరిగింది. కాఫీ రంగు మీద సన్నటి మెరుపు వచ్చింది. ఇదంతా జరుగుతుందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. ఆవిరి కొమ్మ మీద ఇవేవీ ఉండేవి కావు, అక్కడ అన్నీ ఒక్క ఉదుటున అయిపోయేవి.

ఎండ చురుక్కుమంటున్న ఒక ఉదయం, వీధిలో అందరికంటే చివర, పై కొమ్మలన్నీ ఒకేసారి పచ్చబడ్డాయి. బొటనవేలి కొత్త గోరు అప్పటికి సగం పెరిగింది, మధ్యలో చిన్న గాడితో. నోటుబుక్కులో తొలికోడి అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, దాని పక్కన తేదీ వేసింది.

లాండ్రీ పెద్దాయన బయటికి వచ్చి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "లేచిందే! ఇక నా గిరాకీకి ఢోకా లేదు. మరి ఇది ముందు లేచేది కాదంటే, ఈ వీధిలో అన్నిటికంటే ముందు లేచేది ఏదమ్మా?"

ఆమె ఎదురు వరసకేసి చూసింది, తర్వాత గోడ మొదట్లో నాచు వైపు, ఆపైన చీమల సందు వైపు.

"తెలీదు పెద్దాయనా. వచ్చే ఏడు చూసి చెప్తాను," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అప్పటిదాకా మీరు ఏ గొట్టమూ ముట్టుకోకండి."